ఆరో వేలు తీసేసిన డిజైనర్ని నేనే

ప్రైవేటు షాపులో పనిచేసేవాళ్లకి రిటైర్మెంటేంటి అని మా బంధువులు ఇప్పటికీ అడుగుతున్నారు. ఉంటుంది. ఒకరోజు మెడనొప్పి భరించలేక "రేపట్నుంచి రాను" అంటాం. ఓనరు "సరే అక్కా" అని ఒక శాలువా కప్పుతాడు. అంతే, అదే రిటైర్మెంటు. అమీర్‌పేటలో ఒక ప్రింటింగ్ షాపులో ఇరవై ఏడేళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మొదట్లో నా పనిని డీటీపీ అనేవాళ్లు. తర్వాత గ్రాఫిక్ డిజైనింగ్ అన్నారు. ఆఖరి రెండేళ్లూ "ఏఐ చేసేస్తుందిగా, మీరెందుకు" అన్నారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలూ అబ్బాయిలూ, మీకు పెద్దవాళ్ల సలహాలంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. అందుకని సలహా జోలికి పోను. నేను చేసిన వెధవపని ఒకటి చెప్తాను. అదైతే చివరిదాకా చదువుతారు.

ఇరవై ఏడేళ్లలో నేను తీసెయ్యని వస్తువు లేదు. పెళ్లికొడుకుల మొటిమలు తీశాను. నాయకుల పొట్టలు తీశాను. నేను నాటిన జుట్టంతా ఒకచోట చేరిస్తే చిన్నపాటి అడవి అవుతుంది. పార్టీ మారిన వాళ్లని గ్రూపు ఫొటోలోంచి తీసేసి, తిరిగొచ్చాక మళ్లీ అదే వరసలో నిలబెట్టాను. ఎవరూ తప్పుపట్టలేదు. పైగా "మేడం చెయ్యి పడితే మనిషే మారిపోతాడు" అని పేరొచ్చింది. ఆ పేరే కొంప ముంచింది.

రెండేళ్ల కిందట, వేసవి సెలవులకి కొంచెం ముందు, మా షాపుకి ఒకాయన వచ్చాడు. అంతకుముందు ఆయన అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పించేవాడు. ఆ కోర్సులు నేర్చినవాళ్లకి ఉద్యోగాలు రావడం మానేశాక మధురానగర్‌లో లేడీస్ హాస్టల్ పెట్టాడు. హాస్టల్లో సాంబారు మీద తిరుగుబాటు జరిగాక ఆయన దృష్టి భారత క్రీడారంగం మీద పడింది. పంజాగుట్టలో ఒక నాలుగంతస్తుల బిల్డింగు మేడమీద చుట్టూ వలలు కట్టించి, మధ్యలో వాలీబాల్ కోర్టు గీయించి, దాన్ని అకాడమీ చేసి, 'ఇంటర్నేషనల్' అనే మాటతో మొదలయ్యే ఒక పేరు పెట్టాడు. ఆదివారం ప్రారంభం. ముందు ఫ్లెక్సీ కావాలి.

"ఏంటండీ ఈ ఫ్లెక్సీలు, అన్నీ ఒకేలా ఉంటాయి" అన్నాడు నా వెనకాల నిలబడి. "నాకు మనిషి బయటికి దూకాలి."

"ఎక్కడి నుంచండీ?"

"ఫ్లెక్సీలోంచి. సిగ్నల్ దగ్గర బైకు మీద ఆగినవాడు ఉలిక్కిపడాలి."

"ఉలిక్కిపడి కిందపడితే?"

మా ఓనరు నావైపు ఒక చూపు చూసి, ఆయనకి కుర్చీ జరిపాడు. "చేస్తది సార్. మా మేడం ఇసొంటియి మస్తు చేసింది. మీరు ఫికర్ జేయకున్రి."

ఆయన ఇచ్చిన ఫొటోలో ఉన్నది ఆయన పెట్టుకోబోతున్న కోచ్. బోరబండ ఆవిడ, ముప్ఫై దాటి ఉంటాయి. సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తూనే వాలీబాల్‌లో రాష్ట్రస్థాయి దాకా ఆడిందట. ఆయన్ని నమ్ముకుని ఫ్యాక్టరీ పని మానేసి వస్తోందట. ఆ సంగతి ఆయన చాలా గర్వంగా చెప్పాడు. ఆయన్ని నమ్ముకున్న వాళ్ల జాబితా నాకు తెలుసు.

ఫొటో మాత్రం బాగుంది. మనిషి గాల్లో ఉంది. కుడిచెయ్యి నెత్తి మీదికి లేచి, అరచెయ్యి విచ్చుకుని, బంతికి బెత్తెడు దూరంలో ఉంది. ఇలాంటి ఫొటోని బయటికి దూకించడం పెద్ద రహస్యమేం కాదు. ఫొటో మీద ఒక తెల్లటి ఫ్రేము గీస్తాం. నెట్టు, జనం, వెనకాల గోడ, అన్నీ ఫ్రేము లోపలే ఉంటాయి. బయటంతా ఖాళీ. ప్లేయర్ చెయ్యి, బంతి, ఒక కాలు మాత్రం ఫ్రేము దాటి ఆ ఖాళీలోకి వస్తాయి. దాటిన భాగాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా అంచు వెంబడి కత్తిరించి, కింద కాస్త నీడ వేస్తే చూసేవాడి కన్ను మోసపోతుంది. ఇప్పుడు మీ ఫోన్లో ఒక్క నొక్కుతో అయిపోతుందని నాకూ తెలుసు. అయ్యాక మనిషికి చెవులు మిగిలాయో లేదో ఒకసారి చూసుకోండి.

నాకు నొక్కుల మీద నమ్మకం లేదు. చిటికెనవేలి దగ్గర మొదలుపెట్టి, పెద్దది చేసుకుని, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ వచ్చాను. చిటికెన, ఉంగరం, మధ్య, చూపుడు, బొటన. ఐదు వేళ్లూ అయిపోయాయి. చెయ్యి మాత్రం అవలేదు.

బొటనవేలి పక్కనుంచి ఇంకో చిన్న వేలు, గోరుతో సహా, కాస్త వంగి ఉంది.

ఆలోచించానా అంటే లేదు. పాపం అనుకున్నాను. పన్నెండడుగుల ఫ్లెక్సీ, నలుగురూ చూస్తారు, నవ్వుతారు, ఆడమనిషి, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. రెండు నిమిషాల్లో వేలు లేదు. పక్కన చర్మం తెచ్చి పరిస్తే అతుకు నాకే కనపడలేదు. మంచిపని చేశానన్న తృప్తితో సేవ్ కొట్టాను, అసలు ఫొటో మీదే.

అకాడమీ ఆయనకి ఫోన్లో పంపితే "సూపరండీ, బంతి ఇంకొంచెం బయటికి రావాలి" అన్నాడు. కోచ్‌గా పెట్టుకున్న మనిషి చేతికి ఒక వేలు తగ్గిందని ఆయనకి తెలియలేదు. బంతిని ఇంకొంచెం బయటికి తెచ్చాను.

మా ప్రింటింగ్ మెషీన్ నడిపే ఆయనది కూడా బోరబండే. రోజుకి పది మాటలకంటే ఎక్కువ మాట్లాడడు. అందులో ఎనిమిది మెషీన్‌ని తిట్టడానికే సరిపోతాయి. ఫ్లెక్సీ పైనుంచి కిందికి అచ్చవుతూ వచ్చింది. ముందు బంతి, తర్వాత చెయ్యి. చెయ్యి పూర్తవగానే మెషీన్ ఆపాడు.

"అక్కా, గీ చెయ్యి ఎవరిది?"

"ఆవిడదే."

"ఆమెకు ఆరు గదా. ఆదివారం ఆదివారం మా దిక్కు గ్రౌండ్ల చూస్త."

"తీసేశా. నీటుగా లేదూ?"

"ఆమెను అడిగిన్రా?"

"ఇలాంటివి అడుగుతారేంటి? అడిగితే బాధపడదూ?"

నన్ను ఒక క్షణం చూసి మెషీన్ మళ్లీ నడిపాడు. ఆ రోజు మాటల కోటా అయిపోయిందనుకుని నేను టీకి వెళ్లాను.

శనివారం సాయంత్రం ఫ్లెక్సీ కట్టారు. ఆదివారం పొద్దున్న ఇంట్లో ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుంటే అకాడమీ ఆయన ఫోన్.

"మేడం, అర్జెంటుగా రండి. ఏం చేశారండీ మీరు?"

మా ఇల్లూ మధురానగర్‌లోనే, అక్కణ్నుంచి పంజాగుట్ట ఎంతో దూరం లేదు. ఆటోలో కూర్చుని స్పెల్లింగ్ తప్పేమో అనుకుంటూ వెళ్లాను. మా వృత్తిలో ఊహకందే పెద్ద ప్రమాదం అదే.

మేడమీద పాతికమంది తల్లిదండ్రులు, కొత్త బూట్లేసుకున్న పిల్లలు ఉన్నారు. మధ్యలో ఒక నాన్నగారు ఫోన్ ఎత్తి పట్టుకుని అందరికీ చూపిస్తున్నారు. పేర్లు రాయించుకునేటప్పుడు కోచ్ చెయ్యి చూశారట. కిందికెళ్లి ఫ్లెక్సీకి ఫొటో తీసుకుని మరీ వచ్చారు. ఇంత శ్రద్ధగా ఆయన పిల్లాడి హోంవర్కు చూసేవారో లేదో తెలియదు.

"ఇందులో ఐదు వేళ్లు, ఈవిడకి ఆరు. అంటే ఏంటండీ? ఎవరో ప్లేయర్ ఒంటికి ఈవిడ మొహం అతికించారు."

"సర్టిఫికెట్లు సుత గిట్లనే చేపిచ్చిన్రేమో" అందొకావిడ, పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని.

ఆవిడ పక్కన ఒక కుటుంబం అప్పటికే చెప్పులేసుకుంటోంది.

కోచ్ నెట్టు పక్కన నిలబడి ఉంది. కొత్త ట్రాక్‌సూటు, మెళ్లో విజిల్. చేతులు వెనక్కి పెట్టుకోలేదు. నేను చెయ్యి దాచుకుని ఉంటుందనుకున్నాను, ఎందుకో.

నన్ను చూడగానే అకాడమీ ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "అదిగో, డిజైనర్ గారు వచ్చారు. ఆవిడ తప్పేనండీ. నాకేం తెలీదు."

ఇరవై ఏడేళ్లలో క్లయింట్లు నా మీద వేసిన నిందల్లో పూర్తిగా నిజమైంది అదొక్కటే. కాదనడానికి ఏమీ లేదు. "ఫొటో ఈవిడదేనండీ. ఆ వేలు తీసేసింది నేను. నన్ను ఎవరూ తియ్యమనలేదు" అన్నాను.

కోచ్ దగ్గరికొచ్చింది. అప్పటిదాకా నేను ఆవిడని నాలుగొందల శాతం పెద్దది చేసి చూశాను తప్ప మనిషిని చూడలేదు.

"మీరేనా మేడం?"

"నేనేనమ్మా."

"ఎందుకు దీసిన్రు?"

"బాగుంటుందని."

"ఎవరికి?"

అన్నేళ్ల సర్వీసులో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. నేనూ వేసుకోలేదు.

"చిన్నప్పుడు డాక్టర్ సుత తీసేస్తనన్నడు" అంది. గొంతు పెంచలేదు. "మా అమ్మ తియ్యనియ్యలే. అదృష్టం అన్నది. ఏం అదృష్టం రాలే. బాల్ సుత దానికి తగలదు. దాంతోని నాకు ఫాయిదా ఏం లేదు మేడం. గని నాదే గదా."

క్షమించమనడం కంటే ముందు రుజువు చూపించడం మేలనుకున్నాను. నా ఫోన్లో అకాడమీ ఆయన మొదట్లో పంపిన చిన్న సైజు ఫొటో ఉంది. తీసి ఆ నాన్నగారికిచ్చాను. ఆయన రెండు వేళ్లతో సాగదీసి, వంచి, వెలుతురుకి పెట్టి చూశారు. మొహం వెలిగిపోయింది.

"ఇది ఏఐ అండీ" అన్నారు. "ఆరు వేళ్లు వేసింది చూడండి. ఏఐకి చేతులెయ్యడం రాదు, అందరికీ తెలిసిందేగా."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నిజంగానే అందరికీ తెలిసిందే. ఐదు వేళ్లుంటే అతికించిన ఫొటో, ఆరుంటే ఏఐ ఫొటో. ఆ మేడమీద ఆవిడ నిజమని నమ్మించే ఫొటో ఈ భూమ్మీద లేకుండా పోయింది. ఆ ఘనకార్యంలో సగం నాది.

కోచ్ ఆయన ముందుకెళ్లి కుడిచెయ్యి చాపింది.

"లెక్కవెట్టున్రి సార్."

"పర్లేదమ్మా."

"కాదు సార్. లెక్కవెట్టున్రి."

ఆయన ముట్టుకోకుండా చూపుడువేలితో గాల్లో లెక్కపెట్టారు. చివర్లో "ఆరు" అన్నది ఆయనకే వినపడనంత మెల్లగా.

"గిది సుత ఏఐనేనా?"

పిల్లని గట్టిగా పట్టుకున్నావిడ ఫక్కుమని నవ్వింది. నాన్నగారు ఓటమి ఒప్పుకునే రకం కాదు. "సరే, మనిషి మీరే అనుకుందాం. ఆట వచ్చని ఏంటి గ్యారంటీ?" అన్నారు.

"గా నెట్టు అవతలికి పోయి నిలబడున్రి సార్."

ఆయన నిలబడ్డారు, చెప్పులతోనే. ఆవిడ బంతి పైకేసింది, రెండడుగులేసి లేచింది. నేను మూడు రోజులు కదలకుండా చూసిన ఫొటో ఒక్కసారి కదిలింది. నేను వేసిన నీడలూ ఫ్రేములూ ఏ మూలకీ రావని అప్పుడు తెలిసింది. బంతి నాన్నగారి ఎడమ చెప్పు పక్కన పడి, వెనక వలకి తగిలి, దొర్లుకుంటూ వచ్చింది. ఆయన కదల్లేదు. ధైర్యం వల్ల కాదు. బంతి వచ్చిన సంగతి ఆయనకి తెలిసేలోపే అది వెళ్లిపోయింది.

ఆయన వాళ్ల అబ్బాయి పేరు రాయించారు. కానీ ఈ తతంగం అయ్యేలోపు నాలుగైదు కుటుంబాలు మెట్లు దిగి వెళ్లిపోయాయి. వాళ్లు మళ్లీ రాలేదు. వాళ్లు బయట ఎవరెవరికి ఏమేం చెప్పుకున్నారో తెలియదు.

జనం పలచబడ్డాక అకాడమీ ఆయన నన్ను పక్కకి పిలిచాడు. "ఆ ఫ్లెక్సీ దించేసి ఇంకోటి వెయ్యండి మేడం. వేరే ఫొటో ఇస్తా, చెయ్యి వెనక్కి ఉన్నది. ఈ వేళ్ల గోల మనకొద్దు."

ఆవిడ వినేసింది. "సార్, నా చెయ్యి దాపెట్టి నా ఫొటో వెయ్యకున్రి. అట్లయితే ఫొటో వద్దు, నేను సుత వద్దు."

ఫ్యాక్టరీ పని మానేసి ఆవిడకి వారం కూడా కాలేదు. ఆ మాట అన్నందుకు ఆవిడకి ఏమవుతుందో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన కోర్టు వంక చూశాడు, పిల్లల వంక చూశాడు. ఆయనకి వాలీబాల్ రాదు. "సరే, అదే ఫొటో వెయ్యండి, ఆరూ ఉంచండి" అన్నాడు, ఏదో వరమిస్తున్నట్టు.

నేరుగా షాపుకెళ్లాను. మా ఓనరు ఆదివారం షట్టర్ ఎత్తాల్సొచ్చినందుకు గొణుక్కుంటూ వచ్చాడు. మెషీన్ ఆయన కూడా వచ్చాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది, అసలు ఫొటో లేదు. దాని మీదే సేవ్ కొట్టిన మహాతల్లిని నేనే. ఫోన్లో ఉన్నదాన్ని పన్నెండడుగులు చేస్తే మొహం గోడకి పేర్చిన ఇటుకల్లా ఉంటుంది. పెద్ద ఫైలు అకాడమీ ఆయన దగ్గర కూడా లేదు, ఫొటో తీసినవాళ్లెవరో, ఎక్కడున్నారో తెలియదు. తల పట్టుకున్నాను.

మెషీన్ ఆయన జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఒరిజినల్ ఉంది."

"ఎప్పుడు తీసుకున్నావు?"

"ఫొటో వచ్చిన్నాడే. మీరు ప్రతిసారి దానిమీదనే సేవ్ కొడ్తరు. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న."

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"అడిగిన్రా అని అడిగిన గదా" అన్నాడు. నేను వేరే సంగతి అడిగాను, ఆయన వేరే సంగతికి జవాబిచ్చాడు. రెండింటికీ అదే సరిపోయింది.

మళ్లీ మొదట్నుంచీ కత్తిరించాను. ఈసారి చిన్న వేలి దగ్గరే ఎక్కువసేపు ఉన్నాను. గోరు మీద మైదానం లైటు చుక్కలా పడి ఉంది. మొదటిసారి తీసేసేటప్పుడు అది కూడా చూడలేదు. ఫైలుకి 'ఆరేళ్లు' అని పేరు పెట్టాను. ఓనరు వంగి చూసి, "ఎవరి బర్త్‌డే అక్కా?" అన్నాడు.

ఆ తర్వాత షాపులో ఉన్నన్నాళ్లూ ఏది తీసెయ్యాలన్నా ఆ ఫొటోలో మనిషిని అడిగేదాన్ని. మచ్చ ఉంచనా తియ్యనా, పొట్ట ఉంచనా తియ్యనా అని. నా మనసు మారినంత మాత్రాన లోకం మారుతుందనుకుంటే మన అమాయకత్వం. ఒక్కరు కూడా ఉంచమనలేదు. "ఇదేం ప్రశ్న మేడం" అన్నట్టు చూసేవాళ్లు. ఒకే ఒక్క నాయకుడు బుగ్గమీది పుట్టుమచ్చ ఉంచమన్నాడు. సంతోషపడి ఎందుకండీ అంటే, ఓటర్లు గుర్తుపట్టాలిగా అన్నాడు. అకాడమీ కూడా మూతపడలేదు, మీరు నమ్మకపోయినా. ఆవిడ పిల్లల చేత ఆడిస్తూనే ఉంది. అకాడమీ ఆయన దృష్టి మాత్రం ఈ మధ్య యోగా మీద పడిందని విన్నాను.

ఆ ఆదివారం సాయంత్రం ఐదు దాటాక కొత్త ఫ్లెక్సీ కట్టారు. నేను ఎదురుగా రోడ్డవతల నిలబడి చూస్తున్నాను. కాసేపటికి కోచ్ కూడా రోడ్డు దాటి వచ్చి నా పక్కన నిలబడింది. చెయ్యీ బంతీ ఫ్రేము దాటి ట్రాఫిక్ మీదికి వస్తున్నట్టే ఉన్నాయి. ఆవిడ పెదాలు కదుపుతూ వేళ్లు లెక్కపెట్టుకుంది. ఆ మాత్రం అనుమానం పడే హక్కు ఆవిడకుంది.

సిగ్నల్ పడింది. మా ముందే ఒక బైకు ఆగింది. ఇద్దరు కుర్రాళ్లు. అకాడమీ ఆయన కోరినట్టు ఉలిక్కిపడలేదు గానీ, వెనకవాడు తలెత్తి చూశాడు.

"అరే, గది చూడురా, ఆరు వేళ్లున్నయ్. ఏఐతోని చేసిన్రు, చూస్కోలే."

"డిజైన్ చేసినోళ్లకు దమాక్ లేదు" అన్నాడు ముందువాడు. సిగ్నల్ మారింది, వెళ్లిపోయారు.

"నాలుగ్గంటలు కూర్చుని చేత్తో కత్తిరించానమ్మా" అన్నాను. ఎవరితో చెప్పుకోవాలో తెలియక.

"నేను సుత పదిహేనేండ్ల సంది ఆడుతున్న అక్కా" అంది.

పొద్దుట్నుంచీ మేడం అన్న మనిషి అక్కా అన్నది అప్పుడే.

"గా ఫొటో నా ఫోన్‌కు పంపుతరా?"

"ఏది, ఒరిజినలా?"

"ఒరిజినల్ ఏంజేస్కోను. గిదే. బాల్ బయటికొచ్చింది గదా, మస్తుంది." ఆగింది. చెప్పాలా వద్దా అన్నట్టు విజిల్ తాడు వేలికి చుట్టుకుంది. "అక్కా, కండ్ల కింద నలుపు జర తీస్తరా? గా మ్యాచ్‌కు ముందు వారమంత డబుల్ డ్యూటీ చేసిన."

"తీస్తానమ్మా. ఇంకేమైనా తియ్యాలా?"

ఆవిడ ఫ్లెక్సీ వైపు తిరిగి, పైనుంచి కిందిదాకా తన బొమ్మనే ఓపిగ్గా చూసుకుంది.

"అంతే. మిగిలిందంత ఉండనియ్యున్రి."